మల్లమ్మత్త ఎదురొస్తే

మా మేడమీది గదిలో కిరాయికి ఉంటున్న శిరీష మొన్న ఒక ప్రశ్న అడిగి నా నోరు మూయించింది. నా నోరు మూయించడం అంత తేలిక కాదని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. "అమ్మమ్మా, మీరు బయటికి పోయేముందర గేటు గొళ్లెం అట్ల ఎందుకు ఆడిస్తరు? గలగలమని సప్పుడు జేసి, జరసేపు ఆగి, గప్పుడు బయటికొస్తరు. రోజూ సూస్తున్న" అంది. తుప్పు పట్టింది బిడ్డా, అందుకే అని బుకాయించాను. తుప్పు లేదు, గిప్పు లేదు. ఆ గేటుకు రంగు వేయించి ఏడాది కూడా కాలేదు. ఆ పిల్ల మెట్లెక్కి పోయింది. నేను మాత్రం చేతిలో కూరల సంచితో గేటు దగ్గరే నిలబడిపోయాను.

పోయిన వానాకాలంలో మా ఆయన పోయారు. ఆయన పోయాక నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఈ సూర్యాపేటలో మా వీధివాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, పొద్దున్నే ఎదురు రావద్దని ముఖం మీద చెప్పేంత మొరటు మనుషులు కారు. అయినా ఎప్పుడు మొదలైందో నాకే తెలియకుండా ఈ అలవాటు పట్టుకుంది. గేటు తీసేముందు గొళ్లెం ఆడించడం, వీధిలో ఎవరైనా ముఖ్యమైన పని మీద బయల్దేరుతుంటే వాళ్ళను పోనిచ్చి ఆ తర్వాత అడుగు బయట పెట్టడం, పెళ్ళి పిలుపులొస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పి ఇంట్లో కూర్చోవడం. మిర్యాలగూడలో కాలువల ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ శకునాలు చూసుకునేవాళ్ళను ఆట పట్టించింది నేనే. గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తే అర్థమైంది, ఆ చప్పుడు నాది కాదు. మా మల్లమ్మత్తది. కాకపోతే ఆమెది గొళ్లెం కాదు, బొక్కెన.

మల్లమ్మత్త మా నాయనకు అక్క. చిలుకూరు పక్కన మా ఊరు, మాది గొర్లు కాచుకునే ఇల్లు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె మొగుడు మందతో అడవిలో ఉండగా పిడుగు పడి పోయాడట. మా కులంలో మారుమనువుకు అడ్డేమీ లేదు, అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తన పుట్టింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఆమె మా ఇంట్లో పొయ్యి ఎంత పాతదో అంత పాతది. తెల్లారకముందే లేచి, గొర్ల దొడ్డి ఊడ్చి, పెంట ఎత్తి, వాకిట్లో పేడనీళ్ళ సాన్పు చల్లి, జొన్న గటక పొయ్యి మీద పెట్టేది. మా ఇంటికి ఒక వాసన ఉండేది. వానకు తడిసిన గొంగళ్ళు, గొర్రెపాలు, పొయ్యిలో చిటపటలాడే కంపపుల్లలు, అన్నీ కలిసిన వాసన. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కులు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడైనా గొర్ల మంద రోడ్డుకు అడ్డమొస్తే బస్సులో అందరూ కిటికీలు మూస్తారు, నేను మాత్రం తెరుస్తాను.

అన్ని పనులూ చేసే మల్లమ్మత్త వీధి వాకిలి దాటడానికి మాత్రం ఒక పద్ధతి పెట్టుకుంది. నీళ్ళకు పోవాలంటే తలుపు వెనక నిలబడి, చేతిలో ఖాళీ బొక్కెన పిడిని టకటకా ఆడించేది. ఇనుప పిడి, ఊరి చివరికి వినపడేంత చప్పుడు. ఆ చప్పుడు వింటే మా వాడకట్టు వాళ్ళకు తెలిసిపోయేది, మల్లమ్మ బయటికి వస్తోందని. కోదాడకు సంతకు పోయేవాడు గబగబా ముందుకు నడిచేవాడు, పెళ్ళిమాటలకు పోయేవాళ్ళు పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు. వీధి ఖాళీ అయ్యాక ఆమె బయటికి వచ్చేది. ఆమెను ఎవరూ అలా చేయమనలేదు. ఎవరికీ తనవల్ల కీడు జరిగిందనే మాట పడకుండా ఉండాలని తానే పెట్టుకున్న ఏర్పాటు అది. ఎవరూ వద్దనలేదు కూడా. అదే నాకు ఇప్పటికీ కోపం.

ఒక్కసారి మాత్రం ఆ ఏర్పాటు తప్పింది. నేను చిన్నపిల్లను, దొడ్డి గోడ మీద కూర్చొని ఉన్నాను. మా ఊరి మందలన్నిటికీ పెద్ద లింగయ్య తాత. ఎండాకాలం కాలువ నీళ్ళు ఆగిపోయాక మా వాళ్ళు మందలు తోలుకొని మఠంపల్లి దిక్కు కృష్ణ ఒడ్డుకు మేపుకు పోయేవాళ్ళు, తొలకరికి తిరిగి వచ్చేవాళ్ళు. ఆ రోజు లింగయ్య తాత మంద బయల్దేరింది. గొర్ల అరుపుల్లో బొక్కెన చప్పుడు వినపడలేదు. అత్త వాకిలి దాటి మంద ముందుకే వచ్చేసింది. లింగయ్య తాత ఆమెను తిట్టలేదు. నిట్టూర్చి, ఈల వేసి, ఆ మందనంతా వెనక్కు మళ్ళించి దొడ్లోకి తోలి, గడప మీద కూర్చొని చెంబెడు నీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కొని మళ్ళీ బయల్దేరాడు. వెనక్కు తిరగడానికి గొర్లు ఒప్పుకోవు. ఒకదాని మీద ఒకటి పడి, పిల్లలు తల్లులను తప్పిపోయి, వీధంతా దుమ్ము లేచిపోయింది. అత్త గోడకు ఆనుకొని కొంగు ముఖం మీదికి లాక్కొని, మంద మొత్తం లోపలికి పోయేదాకా అలాగే ఉంది. తిట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

అలాంటి మనిషికి లోకం మీద కసి ఉండాలి గదా. మా నాయనకు ఉండేది. ఆయనకు పెద్ద కష్టమేమీ రాలేదు, అయినా దేని మీదా నమ్మకం లేదు. ఎవరు ఏ మాట చెప్పినా చుట్ట పొగ వదిలి "ఏడ అయితది లే" అనేవాడు. ఊరికి కరెంటు వస్తుందంటే ఏడ అయితది లే, బస్సు వేస్తారంటే ఏడ అయితది లే. కరెంటు వచ్చింది, బస్సు వచ్చింది, ఆయన మాట మాత్రం మారలేదు. నాకు ఆయన ముక్కూ వచ్చింది, ఆయన నోరూ వచ్చింది. మల్లమ్మత్త దారి వేరు. ఎవరైనా ఆమె ముందు ఒక కోరిక బయటపెడితే అవుతుందనీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. చేతిలో పని ఆపి, వాళ్ళ ముఖంలోకి చూసి, "అయినంక ఏం జేస్తవ్?" అని అడిగేది. ఆ పని అప్పుడే అయిపోయినట్టు, ఇక తర్వాతి సంగతే మిగిలినట్టు అడిగేది. చెప్పేవాళ్ళు తడబడేవాళ్ళు. కావాలని అనుకోవడమే తప్ప, అయ్యాక ఏమిటని ఎవరూ వాళ్ళను అడిగి ఉండరు.

వింత ఏమిటంటే పొద్దున వీధిలో ఆమెను తప్పించుకు తిరిగినవాళ్ళే మధ్యాహ్నం పెరటి దారిన ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె వేపచెట్టు నీడలో కూర్చొని ఉన్ని చిక్కు తీస్తుండేది. మంగలి సైదులు వచ్చి కోదాడ బస్టాండు దగ్గర అద్దాల షాపు పెడతానంటే, "పెట్టినంక ఏం జేస్తవ్?" అంది. వాడు కాసేపు నెత్తి గోక్కొని, "తిరిగే కుర్సీ తెస్త, మల్లక్కా. మా నాయనను కూసోబెట్టి మొదలు ఆయనకే గడ్డం గీస్త" అన్నాడు. ఆ మాట చెబుతుంటే వాడి ముఖం వెలిగిపోవడం నేను చూశాను. ఆ తర్వాత ఎప్పుడు వాడు కనబడినా ఆమె "కుర్సీ సంగతేందిరా?" అని అడిగేది. మరిచిపోయేది కాదు. ఎవరి కోరిక వాళ్ళే మరిచిపోయినా ఆమె మరిచిపోయేది కాదు. నాయన మాత్రం అరుగు మీద నుంచే "అది తిరిగేటి కుర్సీ గాదు, వీని తల తిరుగుతది" అని నవ్వేవాడు. సైదులు షాపు పెట్టాడు. కుర్చీ కూడా తిరిగింది.

ఇక మా అక్క సంగతి. మా అక్క యాదమ్మ నాకంటే చాలా పెద్దది, గొర్ల మధ్యనే పెరిగింది. ఒక ఏడు తొలకరికి ఊర్లో చిటుకు రోగం వచ్చింది. కొత్త గడ్డి తిన్న గొర్రె చిటికె వేసేంతలో గిలగిలా కొట్టుకొని చచ్చిపోతుంది, అందుకే ఆ పేరు. పొద్దున దొడ్డి తలుపు తీస్తే అక్కకు ఎంతో ఇష్టమైన నల్లమచ్చ గొర్రె, దాని పక్కన పిల్ల, రెండూ కాళ్ళు చాపుకొని పడి ఉన్నాయి. ముందే సూది వేయిస్తే ఈ రోగం రాదని పశువుల దవాఖానలో చెప్పారట. చెప్పేటప్పటికి మా దొడ్డి సగం ఖాళీ. ఆ రోజు సాయంత్రం అక్క, ఉన్ని చిక్కు తీస్తున్న అత్త దగ్గర కూర్చొని, "అత్తా, నేను గొడ్ల డాక్టర్నయిత" అంది. నాయన నవ్వాడు. అమ్మ ఏడ్చింది, ఎందుకు ఏడ్చిందో అమ్మకే తెలియాలి. అత్త దువ్వెన పక్కన పెట్టి, "అయినంక ఏం జేస్తవ్ బిడ్డా?" అంది. అక్క ఆలోచించలేదు. "మొదలు మన ఊరికే వస్త. అన్ని దొడ్లల్ల సూదులేస్త. లింగయ్య తాత మందకు గూడ ఏస్త" అంది.

మా అక్క కోదాడలో కాలేజీ చదువు పూర్తి చేసి హైదరాబాదులో డాక్టరు సీటు పరీక్షకు బయల్దేరిన రోజు మా ఇంట్లో పెద్ద ఏర్పాటే జరిగింది. ఎదురు రావడానికి పటేలమ్మను బతిమాలి పిలిచారు. నిండు ముత్తైదువ, చేతినిండా గాజులు, ఇంటినిండా పిల్లలు. ఇత్తడి చెంబులో నీళ్ళు పట్టుకొని వీధి చివర నుంచి నడిచి వచ్చింది. మల్లమ్మత్త తనంత తానే గొంగళ్ళు పెట్టే అర్రలోకి పోయి తలుపు వేసుకుంది. మా అమ్మ బయట గొళ్లెం కూడా పెట్టింది. ఇంత పకడ్బందీగా చేశాక కూడా అక్కకు సీటు రాలేదు. పటేలమ్మ ఎదురు పనిచేయలేదని ఎవరూ అనలేదు. అర్ర కిటికీ సందులోంచి మల్లమ్మ తొంగి చూసి ఉంటుందన్నారు. ఆ అర్రకు కిటికీ లేదు.

మరుసటి ఏడు అక్క మళ్ళీ పరీక్ష రాస్తానని పట్టుబట్టింది. నాయనకు ఇక ఓపిక లేదు. ఈసారి కూడా రాకపోతే మేనబావకు ఇచ్చి పెళ్ళి చేసి మందతో పంపిస్తానని అందరి ముందూ చెప్పేశాడు. ఎదురు ఎవరిని పిలుద్దామని అమ్మ అడిగితే, అక్క జడ వేసుకుంటూ, "మల్లమ్మత్తనే రమ్మను. అత్త ఎదురొస్తెనే నేను పోత. లేకుంటే పోనే పోను" అంది. అమ్మ గటక కలిపే తెడ్డు పట్టుకొని అలాగే నిలబడింది. నాయన చుట్ట తీసి, "నీకు పిచ్చిగిట్ల లేసిందా?" అన్నాడు. అందరికంటే ఎక్కువ భయపడింది అత్తే. రెండు చేతులూ జోడించింది. మేనగోడలికి చేతులు జోడించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"వద్దు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. నా ముఖం సూసి పోయినంక ఏదన్న అయితే నేను బతుకుతనా? ఊరంత నన్నే అంటది. ఊరు అన్నా పడుత గని, నువ్వు మనసుల అనుకుంటవు సూడు, గది నేను ఓర్వలేను."

"నేనెందుకు అనుకుంట అత్తా? పోయినసారి పటేలమ్మ ఎదురొచ్చింది, ఏం ఒరిగింది? నేను డాక్టర్నయిత అంటె ఈ ఇంట్ల అయినంక ఏందని అడిగింది నువ్వొక్కదానివే. నన్ను సాగదోలేటందుకు నమ్మకం ఉన్న మనిషి గావాలె నాకు, గాజులు కాదు."

అప్పుడు మా అక్క, ఎంత తెలివైనదో చూడండి, అత్త మాటనే అత్తకు తిప్పి వేసింది. "సరే. నాకు నౌకరి అయింది అనుకో. అయినంక నువ్వేం జేస్తవ్?" అని అడిగింది. ఆ మనిషిని ఎవరూ ఎన్నడూ అడగని మాట. ఊరందరి కోరికలనూ గుర్తుపెట్టుకున్న మల్లమ్మత్త తనకంటూ ఏం కావాలో వెంటనే చెప్పలేకపోయింది. చూపు మూలన ఉన్న బొక్కెన మీదికి పోయింది. "అయినంకనా?" అంది మెల్లగా. "ఈ బొక్కెనకు ఇనుప పిడి పీకి పారేస్త. తాడు గట్టుకుంట." మా అమ్మ తెడ్డు కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఈసారి ఎందుకు ఏడ్చిందో నాకు తెలుసు.

ఆ పొద్దున అత్త ఎదురు వచ్చింది. ఉతికిన తెల్లచీర, నూనె రాసి దువ్విన తల, చేతుల్లో మా ఇత్తడి చెంబు. వాడకట్టు వాళ్ళంతా తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. ఆమె నడుస్తుంటే చెంబులో నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. అక్క నవ్వుతూ ఎదురు నడిచి, ఆ చెంబులోని నీళ్ళు దోసిట్లో పోయించుకొని తాగి, అత్త కాళ్ళు మొక్కి, వెనక్కు చూడకుండా బస్సుకు పోయింది. ఫలితం వచ్చేదాకా అత్త సరిగ్గా తినలేదు. డాక్టరు సీటు మళ్ళీ రాలేదు. ఊరు ఊరుకుంటుందా? నోటికొచ్చినట్టు అంది. అత్త బొక్కెన చప్పుడు ఇంతకు ముందుకంటే గట్టిగా వినపడసాగింది. అయితే అక్క చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పశువులకు సూదులు వేసి వైద్యం చేసే కిందిస్థాయి ఉద్యోగానికి శిక్షణ ఉంటుందని తెలుసుకొని, దానికి రాసి, అందులో చేరింది. "డాక్టర్ కాకుంటె ఏంది అత్తా, సూది సూదే గద" అని చెప్పి పోయింది. మేనబావకు మా నాయన ఏదో సర్దిచెప్పుకున్నాడు.

శిక్షణ అయ్యాక మఠంపల్లి దిక్కున ఒక ఊర్లో ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు తొలకరికి ముందు మందలు ఊరు చేరగానే, మాట ఇచ్చినట్టే మందుల ఐసు డబ్బా భుజానికి తగిలించుకొని మా ఊరికి వచ్చింది. మా మందకు సూదులు వేసింది. గొర్రెను రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టి, తొడ దగ్గర ఉన్ని పక్కకు తీసి, ఒక్క పోటు. మా నాయన చుట్ట వెలిగించడం మరిచిపోయి చూశాడు. లింగయ్య తాత మాత్రం తన దొడ్డి దగ్గరికి రానివ్వలేదు. ఆడపిల్ల సూది వేస్తే మందకు అరిష్టమని, అందులోనూ మల్లమ్మ ఎదురొచ్చి సాగనంపిన పిల్ల అని అన్నాడు. వానలు పడ్డాయి. కొత్త గడ్డి మొలిచింది. మా దొడ్లో ఒక్క గొర్రె చెవి కూడా వాలలేదు. లింగయ్య తాత దొడ్లో పొద్దునపొద్దునే ఏడుపులు మొదలయ్యాయి. కబురు అందుకొని మా అక్క మొదటి బస్సుకే వచ్చింది. దొడ్లోకి దూకి, బతికి ఉన్నవాటన్నిటికీ సూదులు వేసి, బురదలో మోకాళ్ళ దాకా దిగి సాయంత్రానికి బయటికి వచ్చింది. చాలా గొర్లు దక్కాయి. ఆమె చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోసింది లింగయ్య తాతే.

ఎండాకాలం వచ్చింది. మళ్ళీ మందలు కృష్ణ ఒడ్డుకు పోయే రోజు. తలుపు వెనక మల్లమ్మత్త బొక్కెన ఆడిస్తోంది, మందలు పోనీయడానికి. ఎంతసేపు ఆడించినా గొర్ల అరుపులు ముందుకు పోవడం లేదు. మా వాకిట్లోనే ఆగి ఉన్నాయి. నాయన తలుపు తీశాడు. వీధి నిండా గొర్లు. వాటి ముందు లింగయ్య తాత, భుజాన గొంగడి, చేతిలో కర్ర. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మల్లమ్మా, ఆ సప్పుడు ఆపు. జర బయటికి రా బిడ్డా. నువ్వు ఎదురొచ్చినంకనే మంద కదులుతది. లేకుంటె ఈడనే ఉంటం."

అత్త రాలేదు. తలుపు రెక్క పట్టుకొని ఉండిపోయింది. "నన్ను సూసి నీ మందనే మళ్లించుకున్నవ్ గదా మామా" అంది, తిట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు. లింగయ్య తాత తల వంచుకున్నాడు. "మళ్లించుకున్న. తప్పు నాదే. ఆ సూది నీ ఆశతోటి వచ్చింది, ఊరంత నవ్వినా నువ్వు నవ్వలే. గిప్పుడు నా మందకు గూడ ఆ ఆశ గావాలె" అన్నాడు. నాయన ఏదో అనబోయాడు. ఆ నోటికి అలవాటైన మాట ఒక్కటే గదా, అది రాలేదు. ఆయనే లోపలికి పోయి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చి తన అక్క మల్లమ్మ చేతికి ఇచ్చాడు.

మల్లమ్మత్త వీధి చివరికి నడిచి, అక్కడి నుంచి మందకు ఎదురుగా వచ్చింది. లింగయ్య తాత ఈల వేశాడు. మంద కదిలింది. ఆమె నడి వీధిలో ఆగి నిలబడింది, గొర్లు ఆమె దగ్గరికి వచ్చి రెండు పాయలుగా చీలి, ఆమె చీర కుచ్చెళ్ళు రాసుకుంటూ పోయి వెనక మళ్ళీ కలిశాయి. దుమ్ములో ఆమె ముఖం నాకు పూర్తిగా కనపడలేదు, చెంబు మాత్రం కనపడింది. ఈసారి నీళ్ళు తొణకలేదు. మంద మొత్తం పోయాక ఆమె ఇంట్లోకి వచ్చి బొక్కెన తెచ్చి నాయన ముందు పెట్టింది. నాయన పట్టుకారుతో ఆ ఇనుప పిడిని పీకి, దొడ్డి పైకప్పు మీదికి విసిరేసి, తానే కూర్చొని కొత్త తాడు పేని బొక్కెనకు కట్టాడు. జీవితంలో మా నాయన ఎవరి ఆశకైనా చేసిన సాయం అదొక్కటే అయినా నేను ఆయనను ఆ ఒక్కదానికి క్షమించాను. ఆ తర్వాత మా ఊర్లో పరీక్షకు పోయినా, షాపు తెరిచినా, మంద తోలినా మల్లమ్మ ఎదురు లేకుండా ఎవరూ కదల్లేదు. అందరికీ అన్నీ అయ్యాయని కాదు. కానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా పెరటి దారిన వచ్చి, మళ్ళీ పోతానని చెప్పి, మళ్ళీ ఎదురు రమ్మని అడిగారు. మా ఇంటి పేరు చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే గొప్ప సంగతి లేదు.

శకునం మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. మా అక్కకు ఉద్యోగం వచ్చింది చదివింది కాబట్టి, గొర్లు బతికింది మందు పనిచేసింది కాబట్టి. కానీ బయల్దేరే మనిషికి ఎదురుగా ఒక ముఖం కావాలి. నీ పని అయిందనే అనుకొని, తర్వాత ఏం చేస్తావని అడిగే ముఖం. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఎవరు ఏం మొదలుపెట్టినా క్షణంలో వందమంది మా నాయనలు బయల్దేరి ఏడ అయితది లే అంటున్నారు. తెలివిగల మాట కింద చెలామణీ అవుతోంది అది. నేనూ అదే కోవ. మంచి మాట అనడానికి నాకు ఎప్పుడూ జర సిగ్గే.

గొళ్లెం సంగతి అడిగిన మరునాడు సాయంత్రం శిరీష కిందికి వచ్చింది. ఆ పిల్ల మా ఊరిదే, లింగయ్య తాత మునిమనవరాలు. డ్రోనుతో పొలాలకు మందు కొట్టే పని నేర్చుకుంటోంది, మర్నాడు హైదరాబాదులో దానికి పరీక్ష ఉంది. నా నోట్లోకి మా నాయన మాట వచ్చి కూర్చుంది. మింగేశాను.

"అమ్మమ్మా, రేపు పొద్దున మీరు ఎదురు రావాలె" అంది.

"నేనా? ఎదురింటి సరితను పిలువు. నా సంగతి తెలుసు గదనే నీకు."

"తెలుసు. మా అమ్మ ఫోన్ల అన్నది, మల్లమ్మ మేనగోడలు నీ ఇంట్లనే ఉంటె ఇంకొకలను పిలుస్తవా, బుద్ధి లేదా అని. మా ఊర్ల ఇప్పటికీ ఎవలు పోయినా మల్లమ్మ పేరు తీసుకునే పోతరు. మీకు తెల్వదా?"

తెలియదు. ఊరు విడిచి చాలా కాలమైంది. కోదాడలో ఉంటున్న మా అక్కకు ఫోన్ చేశాను. రిటైరై కోడళ్ళ మీద పెత్తనం చేస్తోంది. గొళ్లెం సంగతి కూడా చెప్పేశాను. నా చెవి చిల్లు పడేట్టు అరిచింది. "నీకు సిగ్గుండాలె! అత్త పీకి పారేసినదాన్ని నువ్వు ఎతుక్కొచ్చి గేటుకు తగిలించుకున్నవా? పో, రేపు ఎదురు పో. నీళ్ళు తొణికినా పర్వాలేదు, పో." ఫోన్ పెట్టేసింది. ఆమె తిట్టే తీరు నాయనది, తిట్లలోని అర్థం మాత్రం అత్తది.

పొద్దున చెంబు నింపుకున్నాను. ఇత్తడిది లేదు, స్టీలుదే. వీధి అంచున ఆటో ఆగి ఉంది. ఎదురింటి సరిత బాల్కనీలో నిలబడి చూస్తోంది. గేటు దగ్గర నా చేయి అలవాటు ప్రకారం గొళ్లెం మీద పడింది. చప్పుడు చేయకుండా తీశాను. వీధి చివరిదాకా నడిచి వెనక్కు తిరిగాను. శిరీష గేటు దాటి, భుజాన బ్యాగుతో, నవ్వుతూ ఎదురు వస్తోంది. దగ్గరికి వచ్చి దోసిలి పట్టింది. నీళ్ళు పోశాను. నీళ్ళు తొణికాయి, తొణకనీ. తాగి, నా కాళ్ళు మొక్కి లేచింది. సరిత చూస్తోందనీ, ఆటో డ్రైవరు చూస్తున్నాడనీ తెలిసినా, గొంతు తగ్గించకుండా అడిగాను.

"అయినంక ఏం జేస్తవ్ బిడ్డా?"

ఆలోచించలేదు ఆ పిల్ల. "మన ఊరి ఆడపిల్లలందరికి నేర్పిస్త, అమ్మమ్మా. ఒక్కొక్కలు పరీక్షకు పోయేటప్పుడు మీరే ఎదురు రావాలె. మీకు ఇగ శాన పనున్నది" అని ఆటో ఎక్కేసింది.